ఉచిత మెంటర్‌షిప్ ప్రోగ్రామ్‌లో 14 నెలలు: మన కోడ్ చదివే మనిషి దొరకడమే అసలు లాభం

వాలంటీర్లు నడిపే ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ మెంటర్‌షిప్ ప్రోగ్రామ్‌లో చేరి 14 నెలలైంది. చేరొచ్చా అని అడిగేవాళ్ళ కోసం రాస్తున్నాను. ముందే చెప్పేస్తాను, మీకు కావలసింది పాఠాలైతే ఇక్కడికి రానక్కర్లేదు. ఫ్రీకోడ్‌క్యాంప్‌లోనో ఓడిన్ ప్రాజెక్ట్‌లోనో అవి ఉచితంగానే దొరుకుతాయి. ఇక్కడ దొరికేది మనం రాసిన కోడ్‌ని కూర్చుని, లైన్ లైన్ చదివే మనిషి.

పద్ధతి సింపుల్‌గానే ఉంటుంది. ఒక్కో మెంటర్‌కి ముగ్గురు, వారానికి అరగంట కాల్, మిగతాదంతా పుల్ రిక్వెస్ట్ (మనం రాసిన మార్పులు చూసి కలుపుకోమని పంపేది) మీద కామెంట్లలోనే. నా మొదటి పుల్ రిక్వెస్ట్‌లో 11 ఫైళ్ళు, దాదాపు 900 లైన్లు. రెండు వారాలు కష్టపడి చేశాను కాబట్టి మెచ్చుకుంటారనుకున్నాను. మా మెంటర్ రివ్యూ చేయకుండా, "దీన్ని నాలుగు ముక్కలు చేసి పంపండి, అప్పుడు నిజంగా చదవగలను" అన్నారు. మనసు చివుక్కుమంది. అయినా విడగొట్టి పంపాను. రెండో ముక్కలో అసలు విషయం బయటపడింది. 50 పోస్టుల లిస్టు తెచ్చి, ఒక్కో పోస్టుకి రచయిత పేరు కోసం మళ్ళీ విడిగా డేటాబేస్‌ని అడుగుతున్నాను, అంటే ఒక్క పేజీకి 51 క్వెరీలు. నా లాప్‌టాప్‌లో ఐదు రికార్డులతోనే చూసుకునేదాన్ని కాబట్టి ఎప్పుడూ స్లో అనిపించలేదు. ఆయన తప్పేమిటో చెప్పలేదు, క్వెరీ లాగ్ ఆన్ చేసి లెక్కపెట్టమన్నారు. నేనే లెక్కపెట్టాను, అందుకే ఈ రోజుకీ మర్చిపోలేదు.

ఆయన నేరుగా ఆర్డర్ వేసింది ఒక్కసారే. ఎవరైనా చూడగలిగే పబ్లిక్ రిపోలోకి (కోడ్ ఉంచే చోటు) ఏపీఐ కీ, అంటే బయటి సర్వీసు వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్, కమిట్ చేసేసి (మార్పుగా నమోదు చేసేసి), తర్వాతి కమిట్‌లో తీసేశాను కదా అని ఊరుకున్నాను. కోడ్‌లో మార్పులన్నీ నమోదు చేసే గిట్ హిస్టరీలో అది అలాగే ఉంటుందని, ముందు ఆ కీ రద్దు చేసి కొత్తది తీసుకోమని, హిస్టరీ శుభ్రం చేసుకోవడం తర్వాత చూసుకోవచ్చని వెంటనే మెసేజ్ పెట్టారు. అలాగే ఒకసారి 200 కమిట్లలో ఎక్కడో దూరిన బగ్ కోసం నేను రోజంతా తల బద్దలు కొట్టుకుంటుంటే, బగ్ ఏ కమిట్‌లో వచ్చిందో వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ చూపించారు. ప్రతిసారీ సగానికి సగం తీసేసుకుంటూ పోతుంది కాబట్టి ఎనిమిది అడుగుల్లో దొరికింది.

ఇప్పుడు ఏఐ ఉంది కదా, మనిషి ఎందుకు అంటారు. నేనూ రోజూ వాడతాను. కానీ "ఎర్రర్‌ని పట్టుకుని ఏమీ చేయకుండా వదిలేయడం మీకు అలవాటు, ఇది మూడోసారి" అని మా మెంటరే అన్నారు, ఎందుకంటే నెలల తరబడి నా కోడ్ చూసింది ఆయనే.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఐదో నెలలో ఉద్యోగంలో పని పెరిగి ఆయన మానుకున్నారు. జీతం తీసుకోకుండా చేసేవాళ్ళని తప్పుపట్టలేం గానీ, ఇంకొకరిని ఇవ్వడానికి మూడు వారాలు పట్టింది, ఆ మధ్యలో నా పని పూర్తిగా ఆగిపోయింది. కొత్తగా వచ్చినావిడ అభిప్రాయాలు వేరు. మొదటాయన చిన్న చిన్న ఫంక్షన్లుగా విడదీయించినవాటిని ఆవిడ కలపమన్నారు. మొదట చిరాకేసింది, తర్వాత ప్రతిదానికీ ఎందుకు అని అడగడం మొదలుపెట్టాను, ఆ చర్చల్లోనే ఎక్కువ నేర్చుకున్నాను.

టైమ్ జోన్ల తేడా వల్ల జవాబు రావడానికి పది గంటలు పడుతుంది. ఊరికే "పనిచేయట్లేదు" అని పెడితే, ఏం పనిచేయట్లేదని వాళ్ళు అడిగేసరికే ఒక రోజు పోతుంది. ఏం చేశారు, ఏం రావాలి, ఏం వచ్చింది, ఎర్రర్ మొత్తం, ఇవన్నీ మొదటి మెసేజ్‌లోనే పెట్టండి. ఇంకో మాట, కాల్‌కి రాలేకపోతే ముందురోజే చెప్పండి. మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమి మొదలుపెడితే చివరికి మిగిలింది ముగ్గురం, వెళ్ళిపోయినవాళ్ళలో చాలామంది ఒక్క మాటైనా చెప్పలేదు. తన ఆదివారం మన కోసం పక్కన పెట్టుకున్న మనిషి ఖాళీ స్క్రీన్ ముందు కూర్చోవడం చాలా బాధగా ఉంటుంది.

సర్టిఫికెట్ లేదు, ప్లేస్‌మెంట్ లేదు. స్టైపెండ్ కావాలంటే 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటివి వేరే ఉన్నాయి, అక్కడ పోటీ వేరు.

ఇలాంటి వాటిలో చేరేముందు మూడు విషయాలు అడగండి: ఒక్కో మెంటర్‌కి ఎంతమంది, మెంటర్ మధ్యలో మానేస్తే ఎన్నాళ్ళలో ఇంకొకరిని ఇస్తారు, కోడ్ రివ్యూ ఉంటుందా లేక కాల్స్ మాత్రమేనా. మూడోదానికి కాల్స్ మాత్రమే అంటే నేనైతే చేరను. వారానికి ఆరేడు గంటలు కేటాయించగలిగితేనే రండి. వచ్చే బ్యాచ్‌కి రివ్యూలు చేస్తానని నేనూ పేరిచ్చాను, వారానికి 2 గంటలు.