నాలుగు రంగుల పెన్ను కొనేముందు బ్లూ రీఫిల్ దొరుకుతుందా అని అడగండబ్బా

దామలచెరువు పక్కన ఒక మామిడికాయల ర్యాంపులో, అంటే రైతులు తెచ్చిన కాయలు తూకం వేసి కొనే చోట, లెక్కలు రాసేది నా పని. సీజన్ ఉన్నన్నాళ్ళూ పొద్దున ఆరుకి పెన్ను చేతికొస్తే రాత్రి పదికి గానీ జేబులోకి పోదు, మిగతా ఏడాది తిరుపతిలోనే మా బామ్మర్ది అంగడి లెక్కలు చూస్తా ఉంటా. కంప్యూటర్ లేదా అంటారేమో, ఉండాది, కాటా బిల్లు దాంట్లోనే వస్తాది, కానీ రైతు వచ్చి "సామీ, మొన్న మూడు లోడ్లు వేసినా, ఎంత ఇచ్చినారు, ఇంకా ఎంత రావాల" అని నిలబడితే మా ఓనరు తెరిచేది పుస్తకాన్నే.

ఆ పుస్తకంలో నాకు నాలుగు రంగులు కావాల. తూకం బ్లూ, అడ్వాన్సూ తరుగూ ఎర్ర, ఇచ్చిన డబ్బు నలుపు, లెక్క పూర్తిగా తీరిపోతే పచ్చ టిక్కు. 2025 సీజన్లో తోతాపురి కిలో 12 రూపాయలని చెప్పి, అందులో 8 ఫ్యాక్టరీ వాళ్ళు ఇవ్వాల, 4 గవర్నమెంటు ఇస్తాది అన్నప్పుడు ఆ ఎనిమిదిని ఒక రంగులో నాలుగుని ఇంకో రంగులో రాసుకోకపోయుంటే నాకు పిచ్చి పట్టుండేది. విడిగా నాలుగు పెన్నులు జేబులో పెట్టుకుంటే సాయంత్రానికి రెండే మిగుల్తాయి, "ఒక్క నిమిషం ఇవ్వన్నా సంతకం పెట్టించుకొస్తా" అని తీసుకున్నోడు మళ్ళీ కనపడడు. అట్ల మొదలైంది ఈ మల్టీకలర్ పెన్నుల గోల, మూడు సీజన్ల నుంచి ఏవేవో కొని రాసి చూసినా కాబట్టి చెప్తా ఉండా.

మొదటిది గాంధీ రోడ్డు పక్క సందులో ఒక స్టేషనరీ అంగట్లో కొన్నా, ముప్పై రూపాయలు, పేరు చెప్పను. అంగడాయన పెన్ను గీసి చూసుకోమని పాత క్యాలెండర్ కాగితం ఇచ్చినాడు, దానిమీద అప్పటికే పది మంది గీసిన గీతలు, సగం "గోవిందా గోవిందా", సగం "శ్రీరామ", మధ్యలో ఎవురిదో సంతకం. నేనూ నాలుగు రంగుల్లో నాలుగు గోవిందాలు రాసినా, బాగానే రాసింది. కొనేటప్పుడు అన్ని పెన్నులూ బాగానే రాస్తాయి సామీ. తొమ్మిదో రోజు బ్లూ నొక్కితే ఎర్ర లోపలికి పోలే, రెండు మూతులూ బయటికొచ్చి ఇరుక్కున్నాయి, నేను చూసుకోకుండా జేబులో పెట్టుకున్నా. తెల్ల చొక్కా. ఇంటికి పోయినాక ఏం జరిగిందో రాయాల్సిన పని లేదు.

తర్వాత దాన్ని విప్పి చూస్తే అర్థమైంది ఎందుకట్ల అయిందో. మామూలు పెన్నులో రీఫిల్ నడిమధ్యలో నిటారుగా ఉంటాది, దీంట్లో నాలుగూ నాలుగు మూలల్లో ఉంటాయి, ఏది నొక్కితే అది కొంచెం వంగి ఆ ఒక్క బెజ్జంలోంచి బయటికి రావాల. ఒకటి కిందికి దిగేటప్పుడు దాని మీట అంతకుముందు దిగున్న దాన్ని పక్కకి తోస్తే, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తాది. ఆ స్ప్రింగు నాసిరకమో, మీట ప్లాస్టిక్ అరిగిందో, పని అయిపోయినట్టే. ఇంకోటి, బెజ్జం కొంచెం పెద్దదిగా ఉంటే రాసేటప్పుడు మూతి లోపల ఆడతాది, టిక్ టిక్ టిక్ అని, మీకు రెండు లైన్లు రాసినంతసేపు తెలీదు, రెండు పేజీలు రాస్తే నెత్తిలో కొట్టినట్టుంటాది. అందుకని అంగట్లో గోవిందా రాసి చూస్తే చాలదు, మూతి కాగితం మీద ఆనించి అటూ ఇటూ కదిపి చూడండి, కదిలితే అక్కడే పెట్టేసి రండి. పది రంగుల పెన్నులైతే అసలు వద్దు, చిన్నప్పుడు తిరునాళ్ళలో కొనుక్కునే లావుపాటివి, అవి పిల్లోళ్ళకి.

రెండోది బిక్ నాలుగు రంగులది, ఆన్‌లైన్‌లో తెప్పించినా. తెలుపు నీలం బాడీ, పైన గోళీ లాంటిది ఉంటాది చూడండి, అది. ఫ్రాన్సు కంపెనీ, 1970 నుంచి ఇదే పెన్ను ఇదే షేపు. మన దగ్గర స్కూలు పిల్లలు రాసే సెల్లో కూడా కొన్నేళ్ళు ఈ బిక్ వాళ్ళ చేతిలోనే ఉండిందని చాలామందికి తెలీదు. నాకు ఈ పెన్ను నచ్చింది, మీటలు గట్టిగా ఉంటాయి, టక్‌మని మారతాది, లావుగా ఉన్నా చేతికి అలవాటైపోతాది. బాల్ 1 ఎంఎం, గీత కొంచెం దొడ్డుగా పడతాది, మా పుస్తకంలో గళ్ళు చిన్నవి, 8 రాస్తే గడి నిండిపోతాది, సన్నగా కావాలంటే ఆరెంజ్ బాడీది తీసుకోవాల. కానీ గేటు చీటీలు రాసేదానికి ఈ దొడ్డు గీతే మేలు, ఎందుకంటే కార్బన్.

కార్బన్ విషయం కొంచెం చెప్పాల. కింద కాపీ పడాలంటే నొక్కి రాయాల, జెల్ పెన్నుతో ఆ పని కాదు, బాల్ పెన్నే కావాల. నేను మొదటి సీజన్లో తెలివిగా చీటీ మీద కూడా రంగులు వాడినా, తూకం బ్లూ, తరుగు ఎర్ర, చూసేదానికి ముచ్చటగా ఉండింది. పైకాగితం రైతుకి ఇచ్చేస్తాం కదా. నెలాఖరుకి చీటీ పుస్తకం తెరిస్తే అన్నీ ఒకటే కార్బన్ రంగు! నా రంగులన్నీ రైతుల జేబుల్లో పల్లెలకి వెళ్ళిపోయినాయి. అప్పటినుంచి చీటీకి ఒకటే రంగు, పుస్తకానికి మాత్రం నాలుగు.

మూడోది యూనీబాల్ జెట్‌స్ట్రీమ్ 4 అండ్ 1. నాలుగు రంగులు, ఒక 0.5 పెన్సిల్. దీన్ని చేసేది మిత్సుబిషి పెన్సిల్ అనే జపాన్ కంపెనీ, కార్లు చేసే మిత్సుబిషికీ దీనికీ సంబంధం లేదు, మా బామ్మర్దితో పందెం వేసి టీ గెలిచినా ఈ విషయం మీద. ఇండియాలో లింక్ వాళ్ళ ద్వారా వస్తాది. అబ్బా, ఏం రాస్తాది. ఇంకు నూనె ఇంకే గానీ పల్చన, మామూలు బాల్ పెన్ను మాదిరి నొక్కక్కర్లే, కాగితం మీద జారిపోతా ఉంటాది, రాత్రి పదికి కూడా వేళ్ళు నొప్పి లేవు. పెన్సిల్ నేనేదో అలంకారం అనుకున్నా, కానీ ఓనరు ఇంకా ఖాయం చెయ్యని రేటు రాసుకునేదానికి దానంత పనికొచ్చేది లేదు, ఖాయమైనాక చెరిపి ఇంకుతో రాసేస్తా. ఒకటే చిక్కు, అంత మెత్తగా రాసేసరికి చెయ్యి కూడా మెత్తబడింది, రెండు రోజులు గేటు చీటీలు దాంతో రాస్తే కింద కాపీ మీద ఏమీ పడలే. అది పెన్ను తప్పు కాదు, నాదే. డబ్బు విషయం చెప్పాలంటే వందల్లో ఉంటాది, ఎవురికీ "ఒక్క నిమిషం" ఇవ్వొద్దు.

ఇంక ఫ్రిక్షన్ అని పైలట్ వాళ్ళది, రబ్బరుతో రుద్దితే చెరిగిపోయేది, దాంట్లో కూడా మూడు నాలుగు రంగులవి ఉండాయి. మంచి పెన్నే, కానీ మా ఊర్లో లెక్కలకి వద్దు. అది చెరిగేది రుద్దుడుకి కాదు, రుద్దితే పుట్టే వేడికి, సుమారు 60 డిగ్రీలు తగిల్తే ఇంకు కనపడకుండా పోతాది. మే నెల్లో రేణిగుంట రోడ్డులో ఎండన పెట్టిన కారు డ్యాష్‌బోర్డు మీద మీ లెక్కల పుస్తకం ఉందనుకోండి, అంతే, అప్పులన్నీ మాఫీ. సంతకాలకీ చెక్కులకీ పరీక్షలకీ ముట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. ఏ మల్టీ పెన్నైనా రీఫిల్ సన్నగా ఉంటాది, నాలుగు పట్టాల కదా, ఇంకు తక్కువ. నాకు సీజన్లో పదిహేను ఇరవై రోజులకి బ్లూ అయిపోతాది, మిగతా మూడూ నిండుగా ఉంటాయి. అప్పుడు బ్లూ ఒక్కటీ దొరక్కపోతే మిగతా మూడూ ఉన్నా దండగే. ప్రకాశం రోడ్డు నుంచి లీలామహల్ దాకా తిరిగినా ఒకసారి, అందరిదీ ఒకటే మాట, "రీఫిల్ ఎవురు అడుగుతారు సామీ, కొత్త పెన్నే తీసుకోండి". ఒకాయన మాత్రం మామూలు రీఫిల్ కత్తిరించి పెట్టుకోమన్నాడు, పెట్టినా, లావు చాల్లేదు, జారి లోపలికి పోయింది.

అందుకని ఈ సీజన్‌కి డి1 రీఫిల్ పట్టే మెటల్ పెన్ను తీసుకున్నా. డి1 అంటే 67 మిల్లీమీటర్ల పొడుగు, 2.35 లావు, సన్నటి రేకు గొట్టం. ఇది స్టాండర్డ్ సైజు కాబట్టి జీబ్రా, లామీ, ష్మిట్, ఎవురిదైనా చాలావరకు అందులో పడతాది, మూతి పట్టుకుని లాగితే పాతది వస్తాది, కొత్తది దోపితే అయిపాయె. నేను కొన్నదాంట్లో మీటలు లేవు, బాడీ మీద రంగు చుక్కలుంటాయి, కావాల్సిన చుక్క పైకొచ్చేట్టు పట్టుకుని నొక్కాల, లోపల చిన్న బరువు వేలాడతా ఉండి ఆ రంగునే దించుతాది. నిదానంగా ఉన్నప్పుడు భలే ఉంటాది. గేటు దగ్గర ట్రాక్టర్లు హారన్ కొడతా ఉంటే మాత్రం మొదటి వారం సగం తూకాలు ఎర్రలోనే పడినాయి.

కాబట్టి రోజుకి ఒకట్రెండు పేజీలు రాసేవాళ్ళు, టీచర్లు, చదువుకునే పిల్లోళ్ళు జెట్‌స్ట్రీమ్ తీసుకోండి, పెన్నుతో పాటే రెండు బ్లూ రీఫిళ్ళు కూడా ఆర్డర్ పెట్టండి, మర్చిపోవద్దు. కార్బన్ చీటీలు రాసేవాళ్ళకి బిక్. నామాదిరి పొద్దస్తమానం రాసేవాళ్ళకి డి1. నేనైతే నాలుగు బ్లూ రీఫిళ్ళు పుస్తకం అట్ట లోపల టేపేసి అంటించి పెట్టుకున్నా, ఇప్పటికి రెండు వాడేసినా. ఎర్రది సగానికొచ్చింది, నలుపు పర్లేదు. పచ్చ రీఫిల్ మాత్రం కొన్నరోజు ఎంతుందో ఇంకా అంతే ఉంది, పేమెంట్లు వస్తే కదా.