సూపర్ మార్కెట్ పాయింట్ల కార్డు: బాపు పోయినా ఆగని ఆఫర్లు

హనుమకొండలో మా ఇంటికి దగ్గరి సూపర్ మార్కెట్‌ల ఏండ్ల సంది ఈ పాయింట్ల కార్డు వాడిన. పేరుకే కార్డు, బిల్లు కొట్టేముందు చెప్పే ఫోన్ నంబరే అది. పాయింట్లు ఎట్ల పడతయో అందరికీ తెల్సిందే, ఆ ముచ్చట వదిలేస్త.

దీని గురించి ఇంతకుముందు అడిగినోళ్లకు మంచిగనే చెప్పేదాన్ని. మిక్సీ కాగితం పోతే, నంబర్ చెప్పంగనే పాత బిల్లు తీసిచ్చిన్రు, వారంటీ పనిచేసింది. ఆ బిల్లు అంత జల్ది దొరికిందంటే మేం కొన్న ప్రతి సరుకూ తారీఖుతో సహా వాళ్ల దగ్గర ఉన్నట్టే కదా.

బాపుకు పక్షవాతం వచ్చినంక పెద్దోళ్ల డైపర్లు అక్కడే కొన్నం. ఆ సంగతి చుట్టాలకు కూడా తెల్వద్దని బాపు పట్టుదల. నల్ల కవర్ల చుట్టి తెచ్చేదాన్ని. కొన్ని నెలలకు 'డైపర్లు అయిపోవస్తున్నాయా? ఈ వారం తగ్గింపు' అని మెసేజ్ మొదలైంది. అప్పుడు పనికొచ్చింది, కాదనను.

బాపు పోయినంక కూడా అది ఆగలే. ఏ సరుకు ఎన్ని రోజులకోసారి కొంటున్నమో లెక్కగట్టి, అయిపోయే టైంకు పంపుతరు. కొనుడు బందైతే వేరే షాపుకు పోయిన్రనుకొని ఇంకింత తగ్గించి పిలుస్తరు. మాకు అదే అయింది. నెలనెలా తగ్గింపు పెరుక్కుంట పోయింది. ఒకసారి ఫోన్ అమ్మ చేతిల ఉండంగ వచ్చింది. అమ్మకు చదువొస్తది. ఆ పూట అన్నం ముట్టలే.

కౌంటర్ల పిల్లను అడిగితే 'మా చేతుల లేదక్కా' అన్నది, పాపం. కస్టమర్ కేర్‌ల మెసేజ్‌లు ఆపిన్రు గానీ, కొన్న లెక్కలు తీసెయ్యమంటే కుదరదన్నరు. బిల్లుకు నంబర్ ఇయ్యాల్సిందేనని షాపులు పట్టుబట్టొద్దని 2023 మే నెలలనే కేంద్ర వినియోగదారుల శాఖ చెప్పింది. మన వివరాలు తుడిపెయ్యమని అడిగే హక్కు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంల ఉంది. నియమాలు 2025 నవంబర్‌ల వచ్చినా, ఆ హక్కు అమలుకు 18 నెలల గడువు పెట్టిన్రు. అందాక మా బాపు జబ్బు వాళ్ల కంప్యూటర్లనే ఉంటది.

సామాన్లు మంచిగుంటయి, అందుకే షాపు మార్చలే. నంబర్ చెప్పుడు మాత్రం బంద్ చేసిన, పైసలు నగదే ఇస్తున్న. ఇంట్ల అమ్మా నేనే కాబట్టి పోయే పాయింట్లు పెద్ద లెక్కల లేవు. కాజీపేటల మా చెల్లెకు ఇద్దరు చిన్నపిల్లలు, నెల సరుకుల మీద ఆమెకు మిగిలేది మిగులుతది, మానెయ్యమని చెప్పలేను. మందులు, జబ్బుకు సంబంధించినవి మాత్రం వేరే బిల్లు కొట్టించుకో, దానికి నంబర్ చెప్పకు అన్న.