పాత నెగెటివ్‌లకు, ఫోటోలకు ఏ స్కానింగ్ సాఫ్ట్‌వేర్ మేలు?

గోదావరి డెల్టాలో పాత ఫోటోలను వయసు కంటే తేమ ఎక్కువగా పాడుచేస్తుంది. ఫిల్ముపై బొమ్మను పట్టి ఉంచే పొర జెలటిన్‌తో చేసినది కనుక, గాలిలో చెమ్మ తగ్గని అమలాపురం, రాజోలు, నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల ఇళ్లలో బీరువా అడుగున పడి ఉన్న నెగెటివ్‌లపై బూజు ముందుగా ఆ పొరనే తింటుంది. దాని కింద ఉండే అసిటేట్ పట్టీ కూడా తేమకూ వేడికీ క్రమంగా విచ్ఛిన్నమై, పుల్లని వెనిగర్ వాసన వేస్తూ, ముడుచుకుపోతుంది. 1986 ఆగస్టు వరదలోనూ, 1996 నవంబరు తుపానులోనూ తడిసి ఆరిన ఆల్బములైతే ఒక పేజీని మరొక పేజీ నుంచి విడదీయడానికి కూడా వీలులేనంతగా అతుక్కుపోయి కనిపిస్తాయి. అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్ మేలు అన్న ప్రశ్నను నేను ఒకే కొలతతో తూస్తాను: నెగెటివ్‌ను ఒక్కసారి కవరులోంచి బయటికి తీసినప్పుడు అందులో ఉన్న సమాచారమంతటినీ ఏది భద్రపరుస్తుంది, మళ్లీ దాన్ని తాకవలసిన అవసరం లేకుండా ఏది చేస్తుంది?

ముందు మన పెట్టెల్లో సాధారణంగా ఏముంటుందో చూడాలి. స్టూడియోలలో తీసిన బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లు, ఆగ్ఫా క్లిక్ 3 వంటి పెట్టె కెమెరాలతో ఇంట్లోవాళ్లు తీసుకున్న 120 అనే వెడల్పాటి రోలు ఫిల్ము చదరపు నెగెటివ్‌లు, ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ తయారుచేసిన ఇందు ఫిల్ములు, ఆ తరువాతి కాలపు 35 మిల్లీమీటర్ల రంగుల పెళ్లి రోళ్లు, వీటన్నిటితోపాటు నెగెటివ్ ఎప్పుడో పోయి ప్రింటు మాత్రమే మిగిలినవి. వీటిలో ఒకదానికి సరిపోయే పద్ధతి మరొకదానికి హాని చేయగలదు.

పోలికకు నాలుగు దారులను తీసుకుంటున్నాను. మొదటిది స్కానర్‌తో ఉచితంగా వచ్చేది. ఎప్సన్ యంత్రాలకు ఎప్సన్ స్కాన్ 2 అటువంటిది. రెండవది అమెరికాలోని హామ్రిక్ సాఫ్ట్‌వేర్ వారి వ్యూస్కాన్. మూడవది జర్మనీలోని లేజర్‌సాఫ్ట్ ఇమేజింగ్ వారి సిల్వర్‌ఫాస్ట్. నాలుగవది, స్కానర్‌ను పక్కన పెట్టి, డిజిటల్ కెమెరాతో నెగెటివ్‌ను ఫోటో తీసి డార్క్‌టేబుల్, నెగెటివ్ ల్యాబ్ ప్రో వంటి ఫోటోలు దిద్దే ప్రోగ్రాములలో పాజిటివ్‌గా మార్చుకోవడం.

మీ దగ్గర ఉన్నవి ప్రింట్లు మాత్రమే అయితే డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. స్కానర్‌తో వచ్చిన సాఫ్ట్‌వేర్‌లోనే ఆటోమేటిక్ దిద్దుబాట్లనూ, అంచులను పదునుపెట్టే సౌకర్యాన్నీ ఆపివేసి, పోస్టుకార్డు సైజు ప్రింటును 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) వద్ద, ఇంకా పెద్ద ప్రింటును 300 లేదా 400 వద్ద నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా భద్రపరిస్తే చాలు. ప్రింటులో అంతకు మించిన వివరం సాధారణంగా ఉండదు. పాస్‌పోర్టు సైజు ఫోటోను పెద్దది చేయించాలనుకుంటే మాత్రం 1200కు వెళ్లవచ్చు. సయాన్ రంగు ముందుగా వెలిసిపోయి ఎర్రబారిన పాత రంగుల ప్రింట్లకు ఎప్సన్ స్కాన్ 2లోనూ వ్యూస్కాన్‌లోనూ రంగును తిరిగి తెచ్చే మీట ఉంది. ఫలితం ఒక్కోసారి బాగా వస్తుంది, ఒక్కోసారి ముఖాలు నీలంగా మారతాయి. కనుక ఆ మీట వేయని ఫైలును ముందు దాచి, తరువాత ప్రతిపై ప్రయత్నించడం క్షేమం.

నెగెటివ్ దగ్గరికి వచ్చేసరికి ఉచిత సాఫ్ట్‌వేర్ బలహీనత బయటపడుతుంది. రంగుల నెగెటివ్‌ను వెలుతురులో పట్టుకుంటే కనిపించే నారింజ రంగు, ఫిల్ములోని రంగుల లోపాలను సరిదిద్దడానికి తయారీలోనే చేర్చినది. దాన్ని సరిగ్గా తీసివేసిన తరువాతే తిరగవేసిన బొమ్మలో ఒంటి రంగు ఒంటి రంగులా వస్తుంది. ఎప్సన్ స్కాన్ 2 ఆ లెక్కను తనంతట తానే, ఒక్కొక్క బొమ్మకు విడివిడిగా వేస్తుంది. పచ్చని వరిచేను నిండిన బొమ్మనూ, పసుపు బట్టలతో నిండిన పెళ్లికూతురి బొమ్మనూ పక్కపక్కన పెడితే, ఒకే రోలులోని ఆ రెండూ రెండు ఊళ్లలో తీసినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఈ లెక్కను వ్యూస్కాన్, సిల్వర్‌ఫాస్ట్ రెండూ మెరుగ్గా వేస్తాయి గాని, వాటి దారులు వేరు. సిల్వర్‌ఫాస్ట్‌లో నెగాఫిక్స్ అనే భాగం ఉంది. అందులో వందకు పైగా ఫిల్ములకు ముందే తయారుచేసిన ప్రొఫైళ్లున్నాయి, మన ఫిల్ము అంచున ముద్రించిన పేరు చూసి ఎంచుకోవాలి. వ్యూస్కాన్‌లో రోలు మొదట్లోనో చివరనో బొమ్మ లేకుండా ఖాళీగా మిగిలిన ముక్కను ముందు ప్రివ్యూ చేసి, ఎక్స్‌పోజరును (కాంతి మోతాదును) మారకుండా లాక్ చేసి, తరువాత ఫిల్ము అసలు రంగును లాక్ చేయాలి. అప్పటినుంచి రోలంతటికీ అదే కొలత వర్తిస్తుంది. సక్రమంగా డెవలప్ అయి, చల్లని పొడిచోట భద్రపడిన ఫిల్ముకు సిల్వర్‌ఫాస్ట్ ప్రొఫైలు చాలా త్వరగా చక్కటి రంగునిస్తుంది, ఆ విషయంలో దానికి సాటి లేదు. మన ఫిల్ములు అలా భద్రపడినవి కావు. ఏళ్ల తరబడి తేమలో ఉండి రంగు మారిన ఫిల్ముకు, కొత్త ఫిల్మును దృష్టిలో పెట్టుకుని చేసిన ప్రొఫైలు కంటే, ఆ పట్టీలోని ఖాళీ ముక్క నుంచి నేరుగా తీసిన కొలతే నమ్మదగినది. ఇక్కడ నా ఓటు వ్యూస్కాన్‌కే.

దుమ్ము, గీతల తొలగింపు గురించి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మంచి ఫిల్ము స్కానర్లు మామూలు కాంతితోపాటు పరారుణ కాంతితో కూడా ఒకసారి చదువుతాయి. రంగుల ఫిల్ములోని బొమ్మ రంగులతో ఏర్పడినది. ఆ రంగులు పరారుణ కాంతిని అడ్డుకోవు, దుమ్మూ గీతలూ అడ్డుకుంటాయి. అందువల్ల పరారుణ చిత్రంలో దుమ్ము ఒక్కటే కనిపిస్తుంది, దాన్ని బట్టి అసలు బొమ్మలో ఆ చోట్లను పూడ్చవచ్చు. ఎప్సన్ వీ600 వంటి యంత్రాలలో డిజిటల్ ఐస్ అన్నా, సిల్వర్‌ఫాస్ట్‌లో ఐఎస్‌ఆర్‌డీ అన్నా, వ్యూస్కాన్‌లో ఇన్‌ఫ్రారెడ్ క్లీన్ అన్నా సూత్రం ఇదే. అయితే మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో బొమ్మ వెండి రేణువులతో ఏర్పడినది, వెండి కూడా పరారుణ కాంతిని అడ్డుకుంటుంది. అంటే తాతగారి మీసాన్ని కూడా యంత్రం దుమ్ముగానే లెక్కిస్తుంది. బ్లాక్ అండ్ వైట్ నెగెటివ్‌లకూ, కొడాక్ వారి పాత రంగుల ఫిల్ము కొడాక్రోమ్ స్లైడ్లకూ ఈ సౌకర్యాన్ని నమ్మి వాడకూడదు. వీ600 కొనండి, దుమ్ము దానంతటదే పోతుంది అని చెప్పేవారు ఈ తేడాను చెప్పడం మరిచిపోతారు.

పరారుణ కాంతి పనికిరాని చోట, బొమ్మలోని చిన్న తెల్ల చుక్కలను బట్టి ఇది దుమ్మే అని ఊహించి చెరిపే పద్ధతులు కూడా ఉన్నాయి. సిల్వర్‌ఫాస్ట్‌లోని ఎస్‌ఆర్‌డీఎక్స్ అటువంటిది. మన పెళ్లి ఫోటోలకు ఇది ప్రమాదకరం. తలంబ్రాల ఘట్టం తీసిన ఒక పాత ప్రింటును పెద్దది చేసి చూడండి: వధూవరుల తలల మీద, భుజాల మీద, గాలిలో, ఎక్కడ చూసినా బియ్యపు గింజలు తెల్లటి చుక్కలుగా ఉంటాయి. ఆకారంలోనూ పరిమాణంలోనూ దుమ్ముకూ వాటికీ తేడా పట్టడం ఏ లెక్కకైనా కష్టం. మోతాదు పెంచితే గాలిలోని తలంబ్రాలు మాయమవుతాయి, ముక్కుపుడక మెరుపు పోతుంది, జడలోని మల్లెలు పిండిముద్దలా అయిపోతాయి. సిల్వర్‌ఫాస్ట్‌లో ఏయే చుక్కలను తొలగించబోతున్నదో ముందుగానే గుర్తులు వేసి చూపించే ఏర్పాటు ఉండడం, కావలసిన ప్రాంతానికే పరిమితం చేసుకునే వీలుండడం దానికి నిజమైన ఆధిక్యం. వ్యూస్కాన్‌లో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అన్న మోటు మెట్లే ఉన్నాయి. దుమ్ము పని వరకు సిల్వర్‌ఫాస్ట్ మేలని ఒప్పుకోవాలి. అయినా తలంబ్రాల ఫోటోకు నేను సూచించేది మెత్తని బ్రష్షు, గాలి ఊదే రబ్బరు బల్బు, మిగిలిన దానికి తరువాత చేత్తో దిద్దడం.

అసలైన తేడా రా ఫైలు దగ్గర తేలుతుంది. స్కానర్ కళ్లు చూసినదాన్ని ఏ దిద్దుబాటూ లేకుండా, నెగెటివ్‌ను నెగెటివ్‌గానే, పరారుణ పొరతో సహా భద్రపరిచే వీలు వ్యూస్కాన్ ప్రొఫెషనల్‌లోనూ సిల్వర్‌ఫాస్ట్‌లోనూ ఉంది. సిల్వర్‌ఫాస్ట్ దీన్ని హెచ్‌డీఆర్‌ఐ అంటుంది. ఎప్సన్ స్కాన్ 2లో ఈ వీలు లేదు. 35 మిల్లీమీటర్ల బొమ్మ 24×36 మిల్లీమీటర్లు. 2400 డీపీఐ వద్ద అది సుమారు 3400×2270 చుక్కలు, అంటే 77 లక్షల చుక్కలు. రంగు ఒక్కొక్కటికి 16 బిట్లు, పరారుణానికి మరో 16 బిట్లు వేసుకుంటే ఒక్కో బొమ్మ 62 ఎంబీ దాకా, 36 బొమ్మల రోలు సుమారు 2.2 జీబీ అవుతుంది. నేటి హార్డ్ డిస్కుల ధరలకు ఇది భారం కాదు. దీనికి ప్రతిఫలంగా, రేపు రంగు నచ్చకపోయినా, ఇంతకంటే మంచి సాఫ్ట్‌వేర్ వచ్చినా, ఫైలును తెరిచి మళ్లీ దిద్దుకోవచ్చు, అప్పటికి ఆ నెగెటివ్ బూజుపట్టి పోయినా సరే. వ్యూస్కాన్ తాను దాచిన రా ఫైలును స్కానర్ నుంచి వచ్చినట్టే తిరిగి చదువుతుంది. సిల్వర్‌ఫాస్ట్‌లో ఆ పనికి హెచ్‌డీఆర్ అనే వేరే ప్రోగ్రాము కావాలి, అంటే మరికొంత ఖర్చు.

లైసెన్సు విషయంలోనూ అంతే. సిల్వర్‌ఫాస్ట్ లైసెన్సు స్కానర్ మోడలుకు కట్టుబడి ఉంటుంది, యంత్రం మారిస్తే కొత్తది కొనుక్కోవలసి రావచ్చు. వ్యూస్కాన్ ఒకే లైసెన్సుతో వేల మోడళ్లను నడుపుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిపైనా పనిచేస్తుంది. రాజమండ్రిలోనో భీమవరంలోనో మూతపడిన స్టూడియో నుంచి తక్కువ ధరకు నికాన్ కూల్‌స్కాన్ వంటి పాత యంత్రం దొరికిందనుకోండి. కంపెనీ డ్రైవర్లు కొత్త విండోస్‌కు రాకపోయినా వ్యూస్కాన్ దాన్ని బతికించే అవకాశం ఎక్కువ. కానీ వ్యూస్కాన్ తెర చూడగానే అర్థమయ్యేది కాదు. ఏ మీట ఎక్కడుందో అలవాటు పడటానికి కొంత ఓపిక కావాలి. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ వంటి యంత్రంతో సిల్వర్‌ఫాస్ట్ కలిసే వచ్చినట్లయితే, దాన్ని వదిలి వ్యూస్కాన్ కొనమని నేను చెప్పను. రెండింటికీ వాటర్‌మార్కు పడే ఉచిత నమూనాలున్నాయి కనుక, మీ దగ్గరున్న అత్యంత కష్టమైన నెగెటివ్‌ను రెండింటిలోనూ వేసి చూసి డబ్బు కట్టండి.

కెమెరా దారి వేగవంతమైనది. అతి దగ్గరి నుంచి ఫోటో తీయగల మంచి మాక్రో లెన్సు, స్థిరమైన స్టాండు, రంగులను నిజాయితీగా చూపే లైట్ ప్యానెల్ ఉంటే, అద్దం మీద పరిచి చదివే ఫ్లాట్‌బెడ్ స్కానర్ ఒక బొమ్మను చదివేలోగా ఒక పట్టీ మొత్తం పూర్తవుతుంది. డార్క్‌టేబుల్ ఉచితం, 2020లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి అందులో నెగెటివ్‌ను పాజిటివ్‌గా మార్చే నెగాడాక్టర్ అనే భాగం ఉంది, అది కూడా ఫిల్ములోని ఖాళీ ముక్క రంగునే ఆధారంగా తీసుకుంటుంది. నెగెటివ్ ల్యాబ్ ప్రోకు అడోబీ లైట్‌రూమ్ క్లాసిక్ కూడా కావాలి, అంటే రెండు ఖర్చులు. కెమెరాలో పరారుణ పొర ఉండదు. రంగుల రోళ్లకు అది లోటు, బ్లాక్ అండ్ వైట్‌కు అసలు లోటే కాదు. అందుచేత స్టూడియో కాలపు 120 నెగెటివ్‌లు వందల్లో ఉన్నవారికి, ఇదివరకే కెమెరా ఉన్నవారికి, కెమెరాతోపాటు డార్క్‌టేబుల్ అన్నదే నా సలహా. రంగుల రోళ్లు ఎక్కువగా ఉన్నవారికి ఫ్లాట్‌బెడ్ స్కానరూ వ్యూస్కాన్ ప్రొఫెషనలూ.

ఈ స్టూడియో నెగెటివ్‌ల విషయంలో ఇంకొక జాగ్రత్త ఉంది. అప్పటి ఫోటోగ్రాఫర్లు నెగెటివ్ మసక వైపున, ముఖం మీద మచ్చలనూ కళ్ల కింది నీడలనూ సన్నని పెన్సిలుతో టచప్ చేసేవారు. ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేస్తే బుగ్గ మీద అల్లిక వంటి ఆ పెన్సిలు గీతలు స్పష్టంగా కనబడతాయి. వాటిని మరకలనుకొని తడిగుడ్డతో తుడిస్తే, నీటికి మెత్తబడిన జెలటిన్‌తోపాటు ఆ చేతిపని కూడా ఊడిపోతుంది. అవి అప్పటి స్టూడియో వారి పనితనం. రా ఫైలులో అలాగే ఉంచి, బొమ్మ కట్టించుకునే ప్రతిలో మాత్రం అవసరమైతే మెత్తబరచుకోవచ్చు.