విషసర్పం ఫోటోకి మాక్రోనా, టెలిఫోటోనా?

100 ఎంఎం మాక్రో లెన్స్‌తో (చిన్నవాటిని బాగా దగ్గర నుంచి పెద్దగా తీసేది) పొలుసుల అంచులు, కంటిపాప చీలిక కూడా స్పష్టంగా వస్తాయి. కానీ అసలు సైజు బొమ్మ కావాలంటే లెన్స్‌కీ పాముకీ మధ్య జానెడు దూరం కూడా మిగలదు. చాలా పాములు తమ పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా ముందుకొచ్చి కాటేయగలవు. పింజరి జాతి పాములైతే రెప్పపాటు కన్నా వేగంగా! చూసి తప్పుకోవడం అనేది జరగని పని. ఫోన్ ఇంకా ప్రమాదం: వైడ్ లెన్స్‌లో పాము ఉన్నదానికన్నా దూరంగా కనిపించి, తెలియకుండానే ఇంకో అడుగు వేయిస్తుంది.

దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపే 300 ఎంఎం టెలిఫోటోతో రెండు మీటర్ల అవతల నుంచే తల, మెడ చక్కగా పడతాయి. పాము బెదరదు కాబట్టి సహజంగా ఉంటుంది. బరువెక్కువ, చెయ్యి కదిలితే బ్లర్, కానీ మోనోపాడ్‌తో (ఒంటికాలి స్టాండ్) సరిపోతుంది. విషం చిమ్మే నాగుల దగ్గర మాత్రం ఈ దూరమూ చాలదు. అవి కళ్ళకే గురిపెడతాయి, రక్షణ కళ్ళద్దాలు తప్పనిసరి.

నా ఓటు టెలిఫోటోకే. పొలుసులు చిన్నగా పడ్డాయనిపిస్తే క్రాప్ చేసుకోండి.