తమ్ముడి మీద ఫిర్యాదుతో వెళ్లాను

నల్లగొండ గడియారం చౌరస్తా దగ్గర, మందుల దుకాణం పై అంతస్తులో ఉన్న కౌన్సెలింగ్ కేంద్రం గురించి ఇది. దేవరకొండలో నాకూ తమ్ముడికీ కలిపి ఎరువుల దుకాణం ఉంది. నేను వెళ్లింది వాడి సంగతి తేల్చుకోవడానికి.

ఏం చెప్పినా "సరే అన్నా" అంటాడు. గోదాము తాళంచెవి మాత్రం యూరియా లారీ వచ్చిన రోజే మరిచిపోతాడు. పోయిన నెల పాత బాకీలు కంటికి ఆనేలా ఎర్ర సిరాతో రాయమన్నాను. తెల్లారేసరికి ఖాతా పుస్తకమంతా ఎరుపే. తీరినవీ, తీరనివీ, ఆఖరికి మా చాయ్ ఖర్చు కూడా. "నువ్వే కదా అన్నా రాయమన్నావు" అన్నాడు, కనురెప్ప కదలకుండా.

ఫోనులో చదివి ఇది 'పాసివ్ అగ్రెసివ్', అంటే పైకి సరేనంటూ చాటుగా ఎదురు తిరిగే జబ్బేనని తేల్చుకొని, లక్షణాలు చీటీ మీద రాసుకొని వెళ్లాను. సైకాలజిస్టు మేడమ్ చదివి పక్కన పెట్టారు. మనిషిని చూడకుండా జబ్బు పేరు పెట్టరట. 1945లో విలియం మెనింజర్ అనే అమెరికా సైనిక మనోవైద్యుడు, పై అధికారిని ఎదిరించలేక మూతి ముడుచుకొని పనిని నానబెట్టే సిపాయిల గురించి ఈ మాట వాడారని చెప్పారు. అక్కడి రోగనిర్ధారణ గ్రంథంలో 1952లో చేరింది, 1994లో అనుబంధంలోకి జరిగింది, 2013 కూర్పులో విడి రోగంగా లేనే లేదు. దిగులు జబ్బు ఉన్నా పనులు ఇలాగే వెనకబడతాయి కాబట్టి ముందు అది చూడాలన్నారు.

ఆరు వందలు పోసి ఉన్న జబ్బు కూడా పోగొట్టుకున్నానా అని ఒళ్లు మండింది.

అప్పుడు అడిగారు: "మీ తమ్ముడు చివరిసారి మీతో కాదన్నది ఎప్పుడు? మీరేమన్నారు?"

నాలుగేళ్ల కిందట. పత్తి విత్తనాలు అరువివ్వొద్దన్నాడు. "గల్లా మీద కూర్చునేది నువ్వా నేనా" అన్నాను, రైతుల ముందే. గల్లా తాళంచెవి ఇప్పటికీ నా మొలతాడుకే ఉంది. ఆ మాట మేడమ్‌కు చెప్పేటప్పుడు చెయ్యి దాని మీదికే పోయింది.

లోపమూ చెప్పాలి. పదకొండుకు రమ్మని పన్నెండుంబావుకు పిలిచారు. అడ్డుగోడ పలచటి ప్లైవుడ్. బయట కూర్చున్నంతసేపూ ఎవరింటి అత్తాకోడళ్ల గొడవో పూర్తిగా విన్నాను. నా గొడవ ఎవరు విన్నారో! ఆ గోడ మార్చేదాకా ఐదుకు మూడే ఇస్తాను.

ఈసారి తమ్ముణ్ణి వెంటబెట్టుకొని రమ్మన్నారు. బుధవారం పొద్దున్నే బస్టాండుకు రమ్మని వాడికి చెప్పాను.

"సరే అన్నా" అన్నాడు.