రబ్బరు గాజు కోసం మ్యూనిక్ వెళ్లి, తువ్వాళ్లకు అద్దె కట్టి వచ్చాం

నగ అంటే తూకమేనని నమ్మే మా అక్కను, బంగారం కనిపించకుండా దాచిన రబ్బరు గాజు గురించి ఊరించి మ్యూనిక్ తీసుకువెళ్లడం నా తప్పే. ఆ గాజును చేసినది ఓట్టో క్యూంజ్లి. జ్యూరిచ్‌లో పుట్టి, మ్యూనిక్ లలితకళా అకాడమీలో 1991 నుంచి 2014 వరకు ఆభరణ కళ బోధించిన ఆయన, 1980లో ఒక నల్లని రబ్బరు గొట్టంలో బంగారు గుండును ఉంచి, గొట్టం కొసలు కలిపి గాజుగా చేశారు. దానికి ఆయన పెట్టిన జర్మన్ పేరుకు బంగారం మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందని అర్థం. బయటికి కనిపించేది చిన్న ఉబ్బు మాత్రమే. లోపల ఉన్నది నిజంగా బంగారమేనా అని తేల్చుకోవాలంటే గాజును కోయవలసిందే. ఈ సంగతి విన్నప్పుడు అక్క, "కోసి చూడకుండా డబ్బు ఎవరిస్తారే?" అని అడిగింది. బస విషయంలో మేము చేసినది సరిగ్గా అదే.

2025 మార్చి 12 నుంచి 16 వరకు నాలుగు రాత్రులకు, రాత్రికి 118 యూరోల చొప్పున, ప్రధాన రైల్వే స్టేషనుకు నడక దూరంలో ఒక బసను ఇంటి నుంచే ఖాయం చేసుకున్నాం. యూరోకు 96 రూపాయలు పెట్టి మార్చుకున్న డబ్బు కనుక 472 యూరోలంటే మాకు చిన్న మొత్తం కాదు. అక్కడ మనిషి ఎవరూ ఉండరు. తలుపు పక్కన అంకెల తాళంతో ఒక పెట్టె ఉంటుంది, అందులో తాళంచెవి ఉంటుంది. వాళ్లు పంపిన అంకెలకు ఆ పెట్టె తెరుచుకోలేదు. నలభై నిమిషాల పాటు మెట్ల దగ్గర చలిలో నిలబడి నాలుగుసార్లు ఫోను చేస్తే, చివరికి ఒకాయన తీరిగ్గా కొత్త అంకెలు చెప్పి, రాత్రి 8 దాటాక వచ్చారు కనుక 30 యూరోలు అదనమన్నాడు. మేము వీధి తలుపు దగ్గరికి చేరినది 7.35కు, 8 దాటించినది వాళ్ల పెట్టె. ఆ తరువాత లిఫ్టు లేని నాలుగో అంతస్తుకు పెట్టెలు మోసుకువెళ్లి చూస్తే, బల్ల మీద ఒక కాగితం ఉంది: శుభ్రం చేసినందుకు 45 యూరోలు, దుప్పట్లకూ తువ్వాళ్లకూ మనిషికి 12 యూరోలు. మొత్తం 99 యూరోలు అదనంగా కట్టాం. బయానాగా పట్టుకున్న 100 యూరోలలో 80 మాత్రమే మే నెలలో తిరిగి వచ్చాయి. మిగిలిన 20 ఎందుకు మినహాయించారో రెండుసార్లు అడిగినా జవాబు లేదు. హస్తకళల వాణిజ్య ప్రదర్శన జరిగే వారంలో ఊళ్లో గదుల ధరలు పెరుగుతాయి కనుక చవక గది దొరికిందని సంబరపడకుండా, అన్ని రుసుములూ కలిపిన మొత్తాన్ని ముందే రాతపూర్వకంగా అడిగి తీసుకోండి; ఇవ్వనంటే ఆ గది వద్దు. ఆ రాత్రి అక్క నాతో మాట్లాడలేదు.

అసలు మేము వెళ్లినది ఆ వాణిజ్య ప్రదర్శనలోనే ఒక భాగంగా జరిగే ‘ష్ముక్’ అనే కళాభరణాల ప్రదర్శన కోసం. జర్మన్‌లో ఆ మాటకు నగ అనే అర్థం. 1959లో హెర్బర్ట్ హోఫ్‌మన్ మొదలుపెట్టిన ఈ ప్రదర్శనలో ఆయన పేరిట 1973 నుంచి బహుమతి కూడా ఇస్తున్నారు. యూ2 మెట్రో ఎక్కి మెస్సెష్టాట్‌లో దిగాలి. చుట్టూ వంటగదులూ పనిముట్లూ అమ్మే దుకాణాల సందడిలో ఈ నగలను వెతుక్కోవడం మొదట చిరాకు కలిగించింది. ఆ వారంలో ఊరంతటా గ్యాలరీలలోనూ చిన్న గదులలోనూ ఇటువంటి ప్రదర్శనలు పెడతారు. అవే నాకు ఎక్కువ నచ్చాయి. అటువంటి ఒక గదిలో ఒక అమ్మాయి తన తల్లిదండ్రుల వలస పత్రాల నకళ్లకు ప్లాస్టిక్ పొర వేయించి, సన్నని పట్టీలుగా కోసి, జడలా అల్లి హారం చేసింది. దగ్గరగా చూస్తే ఒక పట్టీ మీద సగం ముద్ర, ఇంకొక దాని మీద ఫోటోలోని చెవి, ఒక తేదీ చివరి రెండు అంకెలు కనిపించాయి. మెడలో వేసుకోనిచ్చింది, ప్లాస్టిక్ అంచు మెడకు కొద్దిగా గీరుకుంటుంటే, నున్నగా రుద్దడం కావాలనే మానేశానంది. వెల 640 యూరోలు. అక్క దానిని అరచేతిలో ఆడించి, "ముప్పై గ్రాములు కూడా లేదు" అని తెలుగులో తీర్పు చెప్పి, తన నాలుగు గాజులను మోచేతి వైపు తోసుకుంది. నాకు సిగ్గేసింది కానీ, తూచి చూడడం కూడా ఒక విధంగా శ్రద్ధే కదా అని తరువాత అనిపించింది.

శుక్రవారం ఫోర్జ్‌హైమ్ అనే ఊళ్లోని ఆభరణాల మ్యూజియానికి వెళ్లి వచ్చాం. రైళ్లు సమయానికి నడిచాయి, అక్కడి పాత బంగారం చూశాక అక్క మనసు కుదుటపడింది.

పెట్టిన ఖర్చంతటికీ ఫలం దక్కినది ఆదివారం, అదీ ఒక్క యూరోకు. మ్యూనిక్‌లోని ఆధునిక కళల మ్యూజియం పినకోథెక్ డెర్ మోడర్నెలో మేము వెళ్లినప్పుడు మామూలు రోజు టికెట్టు 10 యూరోలు, ఆదివారం 1 యూరో, సోమవారం సెలవు. అక్కడ కింది అంతస్తులోని గుండ్రని డానర్ రొటుండా ఆధునిక కళాభరణాలకే కేటాయించిన చోటు. దానితో పాటు, ముందురోజే మొదలైన వార్విక్ ఫ్రీమన్ ప్రదర్శన కూడా చూశాం. న్యూజిలాండ్‌కు చెందిన ఈయన గవ్వ, ఎముక, రాయి వంటి వాటితో పనిచేస్తారు. ఐరోపా నుంచి వలస వెళ్లినవారి సంతతి పసిఫిక్ ద్వీపాల మీద నిలబడి, ఈ నేలకు నేనేమవుతానని అడుగుతూ, అక్కడి మూలవాసులైన మావోరీల చేతిలో ఎంతో అర్థం సంతరించుకున్న పదార్థాలనే ముట్టుకోవడం సులువైన విషయం కాదు. ఆ జంకు ఆయన పనిలో నాకు కనిపించింది: కొక్కెం, చెయ్యి, గుండె, నక్షత్రం వంటి ఎవరిదీ కాని, అందరిదీ అయిన ఆకారాలనే ఆయన ఎంచుకున్నారు. ముత్యపు చిప్ప నుంచి కోసిన నక్షత్రం ముందు అక్క చాలాసేపు నిలబడింది. గ్రాముల ఊసు ఎత్తలేదు.

బయటికి వస్తూ, క్యూంజ్లి 1985–86లో చేసిన మరో నగ సంగతి చెప్పాను. పత్రికలో ప్రకటనలిచ్చి, ఎవరెవరో తొడుక్కుని వదిలేసిన 48 పెళ్లి ఉంగరాలు సేకరించి, వాటిని ఒకదానిలో ఒకటి దూర్చి గొలుసుగా అతికారు. అక్క వెంటనే లెక్క వేసింది: ఉంగరం నాలుగు గ్రాములనుకున్నా ఇరవై నాలుగు కాసులు. లాకరు దగ్గర సంచి తీసుకుంటూ ఇంకాసేపు ఆలోచించి, "ఇరవై నాలుగు కాసులైనా సరే, ఊరికే ఇచ్చినా నేను మెడలో వేసుకోను" అంది.