మేఘం వెంట మూడు రోజులు: నార్మన్ నుంచి గ్రీన్స్‌బర్గ్ దాకా

మే నెలలో అమెరికాలోని ఓక్లహోమా, కాన్సస్ రాష్ట్రాల వైపు వెళ్లేవాళ్లకి ముందుగా ఒక మాట. రూమ్ బుక్ చేసేటప్పుడు వైఫై, బ్రేక్‌ఫాస్ట్ సంగతి తర్వాత, టోర్నడో (మేఘం నుంచి నేలకి దిగే సుడిగాలి) వస్తే దాక్కునే షెల్టర్ ఎక్కడుందో అడగండి. మేం అడగలేదు.

డాలస్ నుంచి ఓక్లహోమాలోని నార్మన్‌కి ఐ-35 హైవే మీద మూడు గంటలు. టోర్నడో మేఘాల్ని దగ్గర్నుంచి చూద్దామని నేనూ మా బావమరిదీ వెళ్లాం. మాది కాకినాడ పక్క పల్లె, తుపాన్ల మధ్యే పెరిగాం. తుపానంటే రెండు మూడు రోజుల ముందే కబురొస్తుంది. పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, పడవలు ఒడ్డుకి చేరతాయి. టోర్నడోకి అంత వ్యవధి ఉండదు. పరిస్థితులు అనుకూలంగా ఉన్నాయని గంటల ముందు ఇచ్చేది వాచ్. వార్నింగ్ వచ్చిందంటే రాడార్‌లో సుడి కనబడిందనో, ఎవరో కళ్లారా చూశారనో అర్థం. ఇక చేతిలో మిగిలేది చాలాసార్లు పది పదిహేను నిమిషాలే.

ఇదంతా మాకు అర్థమైంది నార్మన్‌లోని నేషనల్ వెదర్ సెంటర్‌లో. దేశం మొత్తానికి టోర్నడో అంచనాలిచ్చే స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఈ భవనంలోనే ఉంది. ముప్పుని ఐదు మెట్లుగా చెబుతారు. మర్నాటికి పశ్చిమ ఓక్లహోమా మీద మూడో మెట్టు, నారింజ రంగు. గల్ఫ్ ఆఫ్ మెక్సికో నుంచి వచ్చే తేమగాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలి ఎదురుపడే చోటుని డ్రై లైన్ అంటారు. మధ్యాహ్నం ఎండ ముదిరాక మేఘాలు అక్కడే లేస్తాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి దిశ, వేగం మారుతుంటే మేఘం మొత్తం తిరగడం మొదలెడుతుంది. పిల్లలున్నవాళ్లు ఈ సెంటర్‌ని వదులుకోవద్దు.

మర్నాడు గైడ్‌తో వ్యాన్ టూర్ తీసుకున్నాం. ఖరీదెక్కువే, కానీ సొంత కారులో వెళ్లాలనుకునేవాళ్లని నేను గట్టిగా వద్దంటాను. 2013 మే 31న ఎల్ రీనో దగ్గర వచ్చిన టోర్నడో 2.6 మైళ్ల వెడల్పుంది. దాన్లో టిమ్ సమరాస్, ఆయన కొడుకు పాల్, సహచరుడు కార్ల్ యంగ్ చనిపోయారు. టోర్నడోల పరిశోధనకే జీవితం పెట్టినవాళ్లకే అలా జరిగితే, ఫోన్‌లో రాడార్ చూసుకుంటూ వెళ్లే మన సంగతేంటి?

మా గైడ్ సూపర్‌సెల్‌కి, అంటే అలా మొత్తంగా తిరిగే ఉరుముల మేఘానికి, ఎప్పుడూ ఆగ్నేయంలోనే వ్యాన్ ఆపాడు. టోర్నడోలు ఎక్కువగా ఈశాన్యం వైపు కదులుతాయి కాబట్టి అక్కడుంటే వాటి దారికి పక్కన ఉన్నట్టు. వాన పడితే జారిపోయే మట్టిరోడ్ల జోలికి పోలేదు, తారురోడ్డు మీదే ఉన్నాడు. ట్యాంకు సగానికి రాగానే నింపించాడు. వుడ్‌వర్డ్‌కి దక్షిణాన సాయంత్రం ఐదున్నరకి మేఘం అడుగున వాల్ క్లౌడ్ అనే గోడలాంటి మేఘపు ముద్ద కిందికి దిగింది. గాలి మా వీపుల మీదుగా దాని వైపే పోతోంది. గోధుమ చేనంతా అటే వంగింది. "బావా, చూడండి, తిరుగుతోంది" అన్నాడు మావాడు, గొంతు తగ్గించి. ఇరవై నిమిషాలు తిరిగి, సన్నబడి, విడిపోయింది. టోర్నడో పడలేదు. పడలేదని నాకు నిరాశ కలగలేదు. ఆ మేఘం కింద ఊళ్లున్నాయి. తర్వాత రోడ్డు పక్కన నిమ్మకాయంత వడగల్లు దొరికింది. పగలగొడితే లోపల ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఉంది.

ఆ రాత్రి దిగిన మోటెల్‌లో మాత్రం ఎవరినీ దిగమని చెప్పను. గది శుభ్రంగానే ఉంది, ధర కూడా తక్కువే. పదిన్నరకి రెండు ఫోన్లూ ఒకేసారి మోగాయి, బయట సైరన్. కౌంటర్ దగ్గరికి పరిగెత్తి షెల్టర్ ఎక్కడని అడిగితే, అక్కడున్న కుర్రాడు తనకి తెలియదన్నాడు. కిటికీ లేని బాత్రూంలో దూరి, పరుపు నెత్తిమీద పెట్టుకుని కూర్చున్నాం. వార్నింగ్ ఎత్తేసేదాకా పావుగంట. ఆ టెన్షన్ ఎప్పటికీ మర్చిపోను.

మూడో రోజు కాన్సస్‌లోని గ్రీన్స్‌బర్గ్. 2007 మే 4 రాత్రి ఊరికంటే వెడల్పైన టోర్నడో వచ్చి దాదాపు 95 శాతం ఊరిని తుడిచేసింది. ఇప్పుడు చూస్తే కొత్త బడి, కొత్త ఆసుపత్రి, వెడల్పాటి వీధులు. చెట్లు మాత్రం ఇంకా చిన్నవే. ఇక్కడి బిగ్ వెల్ మ్యూజియంలో, 1880ల్లో చేత్తో తవ్విన 109 అడుగుల బావిలోకి మెట్లు దిగొచ్చు. తీరిగ్గా రెండు గంటలు పెట్టుకోండి.

రాత్రికి ప్రాట్‌లో ఒక చిన్న బసలో దిగాం. గది పాతది, ఏసీ చప్పుడు ఎక్కువ. కానీ యజమానురాలు తాళం ఇవ్వకముందే మమ్మల్ని బేస్‌మెంట్‌కి తీసుకెళ్లింది. గోడ వారగా మడత కుర్చీలు, నీళ్ల సీసాలు, బ్యాటరీ రేడియో. "సైరన్ మోగితే చెప్పులు వేసుకుని రండి, గాజు పెంకులుంటాయి" అంది. వచ్చే మేకి కూడా అక్కడే బుక్ చేశాను.